స్లో కుక్కర్‌లో బీఫ్ చిల్లీ ఉడకడం లేదా? మాంసాన్ని తప్పుపట్టే ముందు కరెంటు చూడండి

"రాత్రంతా పెట్టాం, పొద్దున చూస్తే ముక్క ఉడకలేదు" అని ఎవరు ఫోన్ చేసినా నేను మొదట అడిగేది ఒకటే: నాబ్ ఏ గుర్తు మీద ఉంది? స్లో కుక్కర్ అంటే పింగాణీ గిన్నెలో గంటల తరబడి సన్న వేడి మీద వండే కరెంటు కుక్కర్. దాని నాబ్ మీద 'లో', 'హై' పక్కన 'వార్మ్' అని ఇంకో గుర్తు ఉంటుంది. అది వండిన కూరను వేడిగా ఉంచడానికే, పచ్చి మాంసాన్ని ఉడికించడానికి కాదు. నిద్రమత్తులో 'లో' అనుకుని 'వార్మ్' మీదికి తిప్పి పడుకునేవాళ్లు చాలామంది. మర్నాడు మాంసం కొట్టు మారుస్తారు, మసాలా మారుస్తారు, రెసిపీ మారుస్తారు. నాబ్ మాత్రం చూడరు. దయచేసి ముందు అది చూడండి, తర్వాతే మిగతావి.

నేను చెప్తున్నది చైనీస్ బండి మీద వేయించి ఇచ్చే డ్రై ఐటమ్ గురించి కాదు. మాంసం ముక్కలు, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి కలిసి గంటల తరబడి సన్న వేడి మీద మగ్గే టెక్సాస్ కూర గురించి. 1977లో ఆ రాష్ట్రం దాన్ని తన అధికారిక వంటకంగా ప్రకటించుకుంది. అక్కడ పట్టింపు ఉన్నవాళ్లు అందులో బీన్స్ పడనివ్వరు. మహారాష్ట్రలోని మన చంద్రపూర్, రాజురా, సిరొంచా, ధర్మాబాద్ వైపు తెలుగు ఇళ్లలో మాత్రం రాజ్మా లేకుండా వండేవాళ్లు తక్కువ. దాని సంగతి కింద విడిగా చెప్పాను, అది దాటేయకండి.

ముక్క సాగుతోంది, నమలలేకపోతున్నాం

ముందు అది ఉడకని ముక్కా, ఎక్కువ ఉడికిన ముక్కా తేల్చుకోండి. గరిటె అంచుతో నొక్కితే ముక్క మొత్తంగా ఎదురు తిరిగితే ఉడకలేదు. పీచులు పీచులుగా విడిపోయి నోట్లో పొడిగా తగిలితే వేడి ఎక్కువైంది, లేదా కొవ్వు అసలు లేని భాగం తెచ్చారు. ఈ రెండింటికీ మందు వేరు. ఉడకనిదానికి ఇంకో రెండు గంటలు ఇస్తే దారికి వస్తుంది. పీచైపోయినదాన్ని చిన్నగా చిదిమి ఆ రసంలోనే కలిపేయడం తప్ప చేసేదేమీ లేదు.

మహారాష్ట్రలో 2015 నుంచి ఎద్దు కోత కూడా నిషేధమే కాబట్టి ఇక్కడ మనకు దొరికే పెద్దకూర బర్రెది, దున్నది. ఇందులో కొవ్వు తక్కువ. వయసు మళ్లిన పశువుదైతే ఇంకా గట్టిగా ఉంటుంది. బోన్‌లెస్ అని తొడ భాగం తీసుకోకండి. కాలి పిక్క, అదే బోంగ్, లేదంటే మెడ, భుజం అడగండి. వాటిలో ఉండే తెల్లటి నరాలు, పొరలు చూసి చాలామంది వద్దంటారు. 70 డిగ్రీలు దాటిన వేడిలో గంటల తరబడి కరిగి కూరకు చిక్కదనం ఇచ్చేవి అవే. ముక్క అంగుళంన్నర ఉండాలి, అంతకన్నా పెద్దది వద్దు. ఫ్రీజర్‌లో గడ్డకట్టిన మాంసాన్ని అలాగే వేయొద్దు.

మూత తీసి చూడటం ఇంకో జబ్బు. తీసిన ప్రతిసారీ పోయిన వేడి మళ్లీ ఎక్కడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. గంటకోసారి కలుపుతున్నారంటే అది స్లో కుక్కర్ వంట కాదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఉడకలేదా? అసలు దొంగ ఇక్కడే ఉంటాడు.

రాత్రి వోల్టేజీ

రాజురాలో మా మేనత్త ఇంట్లో ఇదే జరిగింది. కొత్త కుక్కర్, మంచి బోంగ్, నాబ్ 'లో' మీదే. అయినా ముక్క ఉడకదు. కుక్కర్ పాడైందని షాపులో ఇచ్చి ఇంకొకటి తెచ్చారు, అదీ అంతే. పగలు వెళ్లి చూస్తే అన్నీ బాగానే ఉన్నాయి. డిసెంబరులో ఒక రాత్రి పదిన్నరకు ఫ్రిజ్ స్టెబిలైజర్ మీద ఎర్ర అంకెలు చూశాను. 220 చూపించాల్సినది 175 దగ్గర ఊగుతోంది. ఆ వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కు చివర్లో ఉంది, రబీలో శనగకు, గోధుమకు నీళ్లు పెట్టే మోటార్లు ఆ టైంలోనే ఆన్ అవుతాయి. కుక్కర్లు రెండూ మంచివే.

వోల్టేజీ కొంచెం తగ్గితే ఏమవుతుంది అనుకుంటారు. హీటర్ ఇచ్చే వేడి వోల్టేజీతో సమానంగా తగ్గదు, దాని వర్గంతో (స్క్వేర్‌తో) తగ్గుతుంది. 230 దగ్గర పూర్తి వేడి వస్తే 200 దగ్గర 76 శాతమే, 180 దగ్గర 61 శాతమే, 160 దగ్గర సగం కన్నా తక్కువ. గీజర్, ఇస్త్రీ పెట్టె అయితే లోపల వేడిని బట్టి కరెంటును ఆపి, మళ్లీ ఇచ్చే థర్మోస్టాట్ ఉంటుంది కాబట్టి కాస్త ఆలస్యంగానైనా అనుకున్న వేడికి చేరతాయి. నాబ్ తిప్పే మామూలు స్లో కుక్కర్లలో చాలావాటికి అది ఉండదు. లోపలికి వస్తున్న వేడి, గోడల నుంచి బయటికి పోతున్న వేడి సమానమైన చోట కూర ఆగిపోతుంది, ఇంకెంతసేపు పెట్టినా ఎక్కదు.

ఉజ్జాయింపుగా లెక్క వేయండి. గదిలో 30 డిగ్రీలు ఉన్నప్పుడు 'లో' మీద కూర 95 దాకా ఎక్కే కుక్కర్ అనుకుందాం. గది కన్నా 65 డిగ్రీలు ఎక్కువ. 180 వోల్టుల దగ్గర ఆ 65 కాస్తా 40 అవుతుంది, కూర 70 దగ్గర నిలబడిపోతుంది. అదే చలికాలం 15 డిగ్రీల రాత్రి అయితే 55. అంటే ముక్క ఉడకకపోవడంతో ఆగదు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య మాంసంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. మీరు రాత్రంతా వండాననుకున్నది వాటిని పెంచడమే.

ఇది ఎందుకు దొరకదంటే, ఇంట్లో దాన్ని చూపించేవి లేకుండా పోయాయి. పాత రోజుల్లో వోల్టేజీ పడితే బల్బు పచ్చగా వెలిగేది, ట్యూబ్‌లైట్ కొట్టుకునేది, ఫ్యాన్ నెమ్మదించేది. ఇప్పటి ఎల్‌ఈడీ బల్బుల్లో చాలావరకు 150 వోల్టుల దగ్గర కూడా అదే వెలుగు ఇస్తాయి. కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాన్లూ అంతే. "మా ఇంట్లో లైట్లు బాగానే వెలుగుతున్నాయి" అన్న మాటను నేను సాక్ష్యంగా తీసుకోను. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో ఇంకా కష్టం. అర్ధరాత్రి కరెంటు రెండు గంటలు పోయినా ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, ఎవరికీ తెలియదు. కుక్కర్ ఉన్న వంటింటి సాకెట్ మాత్రం ఇన్వర్టర్ మీద ఉండదు. పైగా బటన్లు, డిస్‌ప్లే ఉన్న కుక్కర్లలో చాలావాటికి కరెంటు తిరిగొచ్చాక తమంతట తాము మళ్లీ ఆన్ కావడం రాదు. మన ఊళ్లకు నాబ్ ఉన్నదే మేలు, కరెంటు రాగానే అది ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే పని మొదలుపెడుతుంది.

పరీక్ష ఇలా చేయండి. సాకెట్‌లో పెట్టే చిన్న డిజిటల్ వోల్ట్‌మీటర్ కొన్ని వందల రూపాయలకే ఎలక్ట్రికల్ షాపులో దొరుకుతుంది. కుక్కర్ పెట్టే సాకెట్ పక్కనే దాన్ని పెట్టి, మీరు వండే గంటల్లోనే చూడండి. మధ్యాహ్నం చూసి 225 ఉందని సంబరపడితే లాభం లేదు. రాత్రి పదకొండుకు, తెల్లవారుజామున ఒకసారి లేచి చూడాలి. ఇంకో పరీక్ష మీటర్ లేకుండా వంట థర్మామీటర్‌తో: కుక్కర్‌లో సగానికి పైగా నీళ్లు పోసి, మూత పెట్టి, 'లో' మీద ఎనిమిది గంటలు ఉంచండి. మూత తీసిన వెంటనే కొలవండి. 85 నుంచి 93 డిగ్రీలు చూపిస్తే కుక్కర్, కరెంటు రెండూ సరే. 85 కన్నా తక్కువైతే అదే పరీక్ష పగలు మళ్లీ చేయండి. పగలు సరిపోయి రాత్రి సరిపోకపోతే వోల్టేజీ. రెండు పూటలా తక్కువే వస్తే కుక్కర్.

ఎక్స్‌టెన్షన్ బోర్డును అనుమానించకండి. ఈ కుక్కర్ లాగేది రెండు మూడు వందల వాట్లు, ఒక ఆంపియర్‌కు కాస్త అటూ ఇటూ. అంత చిన్న కరెంటుకు రెండు మీటర్ల వైరు దగ్గర చెప్పుకోదగ్గ నష్టం ఉండదు. ప్లగ్ పట్టుకుంటే చుర్రుమంటే మాత్రం సాకెట్ వదులైంది, మార్పించండి.

సరిచేసే పద్ధతుల్లో అన్నిటికన్నా బాగా పనిచేసేది ఖర్చు లేనిది: కూరను గ్యాస్ మీద కుతకుతా మరిగించి, ఆ వేడితోనే కుక్కర్‌లోకి మార్చడం. చల్లటి కూరను వేడెక్కించే పని తప్పుతుంది కాబట్టి తక్కువ వోల్టేజీలో కూడా ప్రమాదకరమైన వేడిలో గంటలు గడవవు. పింగాణీ గిన్నెను ముందు వేడినీళ్లతో కడిగి వెచ్చబెట్టండి, లేకపోతే పగులుతుంది. తర్వాత 'హై' మీద పెట్టండి. తక్కువ వోల్టేజీ దగ్గర 'హై' అంటే దాదాపు 'లో' అంతే. వీలైతే పొద్దున ఎనిమిదికి పెట్టి సాయంత్రం తీసేలా పగలు వండండి. స్టెబిలైజర్ కొనేటట్టయితే ఎంత తక్కువ ఇన్‌పుట్ వరకు పనిచేస్తుందో దాని మీద చదివి కొనండి, 140 నుంచి ఎత్తేది ఉంటే మంచిది. ఇన్వర్టర్ మీద మాత్రం పెట్టొద్దు. 200 వాట్లు ఎనిమిది గంటలు అంటే 1.6 యూనిట్లు, 150 ఏహెచ్ బ్యాటరీ దాదాపు మొత్తం ఖాళీ అవుతుంది.

మీరు నిద్రలో ఉండగా కరెంటు పోయి, ఎంతసేపు పోయిందో తెలియకపోతే ఆ కూర పారేయండి. మళ్లీ మరిగించినా కొన్ని సూక్ష్మజీవులు వదిలిన విషం పోదు. కిలో మాంసం పోయిందని బాధగానే ఉంటుంది, ఇంట్లో పిల్లలకు వాంతులు పట్టుకుంటే అంతకన్నా ఎక్కువ బాధ.

పిల్లలు అమెరికా నుంచి తెచ్చిన కుక్కర్ అయితే అడుగున 120 వోల్టులని రాసి ఉంటుంది. నేరుగా మన ప్లగ్‌లో పెడితే దాదాపు నాలుగు రెట్లు వేడెక్కి కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడినా పై కథ మారదు, ఇటు 180 ఉంటే అటు 94 వస్తుంది.

రాజ్మా గట్టిగా ఉంది, లేదా తిన్నాక కడుపులో తిప్పుతోంది

రెండోదాన్ని తేలిగ్గా తీసుకోకండి. పచ్చి రాజ్మాలో ఒక విషపదార్థం ఉంటుంది. నాలుగైదు గింజలు సరిగ్గా ఉడక్కపోయినా ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు మొదలవుతాయి. అది గట్టిగా మరిగితేనే పోతుంది. 80 డిగ్రీల దగ్గర ఊరికే వెచ్చబడితే తగ్గకపోగా పెరుగుతుంది. స్లో కుక్కర్‌లో నేరుగా వేస్తే జరిగేది అదే, మన రాత్రి వోల్టేజీలో అయితే మరీను. రాత్రి నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో ప్రెషర్ కుక్కర్‌లో గింజ వేలితో నలిగేదాకా విజిల్స్ రానిచ్చి, అప్పుడే చిల్లీలో కలపండి. ఇందులో రాజీ లేదు.

ఎన్ని విజిల్స్ వచ్చినా గట్టిగా ఉంటే బోరు నీళ్లలోని సున్నం కారణం, లేదా టమాటా ముందే పడింది. ఆర్‌ఓ నీళ్లు వాడండి, పులుపు గింజ మెత్తబడ్డాకే వేయండి. ఏడాది దాటిన గింజలైతే ఆశ వదులుకోండి.

నీళ్లగా ఉంది

ఈ కుక్కర్‌లో ఆవిరి బయటికి పోదు, మాంసం, ఉల్లిగడ్డ, టమాటా నీళ్లన్నీ లోపలే ఉంటాయి. గ్యాస్ మీద పోసే నీళ్లకన్నా దాదాపు మూడో వంతు తగ్గించి పోయండి. అయిపోయాక తెలిసిందా, మూత తీసి 'హై' మీద ముప్పావు గంట ఉంచండి. టెక్సాస్‌లో సున్నపు నీళ్లలో ఉడికించిన మొక్కజొన్న పిండి కలుపుతారు. మన ఇంట్లో ఉండే జొన్నపిండి రెండు చెంచాలు చన్నీళ్లలో కలిపి పోస్తే అంతే బాగా చిక్కబడుతుంది, రుచి కూడా ఈ కూరకు నప్పుతుంది.

పచ్చి కారం వాసన, లేదా తినలేనంత కారం

స్లో కుక్కర్ వేయించదు. ఎండుకారం, జీలకర్ర పొడి నూనెలో అర నిమిషం వేగకుండా నీళ్లలో పడితే ఎనిమిది గంటల తర్వాత కూడా పచ్చి వాసనే వస్తుంది. ఉల్లిగడ్డ, మాంసం బాణలిలో ఎర్రగా వేయించి, మంట తగ్గించి, చివర్లో పొడులు వేసి తిప్పండి. నల్లబడితే చేదు, అది ఇక పోదు.

అమెరికా రెసిపీలో మూడు పెద్ద చెంచాల చిల్లీ పౌడర్ అని ఉంటే ధర్మాబాద్ కారం మూడు చెంచాలు పోయకండి. వాళ్ల డబ్బాలో తక్కువ ఘాటు మిర్చితో పాటు జీలకర్ర, వెల్లుల్లి, ఒరెగానో పొడులు కలిసి ఉంటాయి. మనది వట్టి మిర్చి. ఒక చెంచాతో మొదలుపెట్టి రంగు కోసం కశ్మీరీ కలపండి. ఎక్కువైపోతే నీళ్లు పోసి ప్రయోజనం లేదు, కారం నీళ్లలో కరగదు. నెయ్యి వేయండి, లేదా వడ్డించేటప్పుడు పైన గట్టి పెరుగు పెట్టండి.

పైన నూనె తేలితే ఫ్రిజ్‌లో పెట్టి గడ్డకట్టాక తీసేయండి. అడుగంటితే నీళ్లు మరీ తక్కువ పోశారు. గిన్నెకు సన్న పగులు కనిపిస్తే అంటించడానికి చూడకండి, గిన్నె మార్చండి.