ఫ్రాంచైజీ విదేశాలకు ఇస్తున్నారా? అడ్వాన్స్ తీసుకోకముందే తేల్చుకోవాల్సినవి

వేరే దేశం నుంచి ఎవరో ఫోన్ చేసి, మీ బ్రాండ్ మాకివ్వండి, అడ్వాన్స్ ఇప్పుడే పంపిస్తాం అంటే సంతోషంలో చాలామంది నేరుగా అగ్రిమెంట్ దగ్గరికి వెళ్లిపోతారు. దయచేసి ఆగండి, అది చివరి పని.

ముందు ఆ దేశంలో మీ పేరు మీదేనా అన్నది చూడండి. ట్రేడ్‌మార్క్ ఏ దేశానికి ఆ దేశమే, సొంత దేశంలో రిజిస్టరై ఉంటే సరిపోదు. బర్గర్ కింగ్ ఆస్ట్రేలియాలో అడుగుపెట్టేసరికి ఆ పేరు అప్పటికే వేరొకరి పేరున రిజిస్టరై ఉంది, అందుకే అక్కడ ఆ షాపులు ఈరోజుకీ హంగ్రీ జాక్స్ పేరుతోనే నడుస్తున్నాయి. చైనాలో సాధారణంగా ముందు దరఖాస్తు పెట్టినవాళ్లదే పేరు. మాడ్రిడ్ విధానం అనే అంతర్జాతీయ ట్రేడ్‌మార్క్ పద్ధతిలో ఒక్క దరఖాస్తుతో చాలా దేశాల్లో రక్షణ కోరవచ్చు, కానీ ఇవ్వాలా వద్దా అన్నది ఏ దేశానికి ఆ దేశమే తేలుస్తుంది. కాబట్టి మాటలు మొదలవకముందే దరఖాస్తు వేసేయండి, స్థానిక భాషలో పేరు ఎలా రాస్తారో దానికి కూడా. అక్కడి పార్ట్‌నర్ నా పేరు మీద చేయిస్తాను అంటే మాత్రం ఒప్పుకోకండి.

తర్వాతది డిస్‌క్లోజర్, అంటే మీ వ్యాపారం వివరాలన్నీ ఫ్రాంచైజీ తీసుకునేవాళ్లకు ముందే రాతపూర్వకంగా ఇవ్వడం. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. అమెరికాలో 23 అంశాల డాక్యుమెంట్‌ను సంతకానికైనా, డబ్బు తీసుకోవడానికైనా కనీసం 14 రోజుల ముందు ఇవ్వాలి. కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి రాష్ట్రాల్లో అదనంగా రిజిస్ట్రేషన్ కూడా ఉంటుంది. ఈ గడువు ఫ్రాన్స్‌లో 20 రోజులు, బ్రెజిల్‌లో 10, చైనాలో 30. చైనాలో ఇంకో షరతు ఉంది, మీరే సొంతంగా నడిపే కనీసం 2 షాపులు ఏడాదికి పైగా నడిచి ఉండాలి. మలేషియాలో అయితే ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. బ్రిటన్‌లో ప్రత్యేక ఫ్రాంచైజీ చట్టం లేదు, అలాగని లాభాల గురించి ఏది పడితే అది చెప్పేస్తే కోర్టులో నిలదీస్తారు. కెనడాలోని ఒంటారియోలో డాక్యుమెంట్ అసలు ఇవ్వకపోతే, అవతలివాళ్లు 2 ఏళ్లలోపు ఒప్పందం రద్దు చేసుకుని కట్టిన డబ్బుతో పాటు నష్టాలు కూడా అడగొచ్చు. అంటే మీరు షాపు తెరిపించి, ట్రైనింగ్ ఇచ్చి, అంతా బాగుంది అనుకుంటున్న సమయంలో ఆ నోటీసు వస్తుంది.

ఇవి తేలాక అగ్రిమెంట్. రాయల్టీ, అంటే మీ బ్రాండ్ వాడుకున్నందుకు వాళ్లు కట్టే డబ్బు, దేశం దాటేటప్పుడు చాలాచోట్ల అక్కడే పన్ను కోసేస్తారు, ఆ భారం ఎవరిదో ముందే రాయండి, రెండు దేశాల మధ్య పన్ను ఒప్పందం ఉందేమో మీ ఆడిటర్‌ని అడగండి. గొడవలకు ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట మధ్యవర్తితో తీర్పు, పెట్టుకోమనే నా సలహా, ఎందుకంటే అలాంటి తీర్పులను ఇతర దేశాల్లో అమలు చేయించే 1958 న్యూయార్క్ కన్వెన్షన్ అనే ఒప్పందంలో 170కి పైగా దేశాలున్నాయి, అదే ఒక దేశపు కోర్టు తీర్పును ఇంకో దేశంలో అమలు చేయించడం అంత తేలిక కాదు. దేశం మొత్తం ఒకరికే ఇస్తుంటే ఏ ఏడాదికి ఎన్ని షాపులు తెరవాలో, తెరవకపోతే హక్కు ఎలా వెనక్కి వస్తుందో తప్పకుండా రాయించండి. ఆ ఒక్క క్లాజు లేకపోతే, అతను 2 షాపులతో ఆగిపోయినా ఆ దేశంలో మీరు ఇంకెవరికీ ఇవ్వలేరు.