మార్చి 8న శాలువా కాదు, తీర్మానం నంబరు అడగండి

మార్చి 8, మహిళా దినోత్సవం వస్తే మన మున్సిపల్ ఆఫీసుల్లో ఏం జరుగుతుందో తెలిసిందే. ఫ్లెక్సీ కడతారు, నలుగురు ఆడవాళ్ళకి శాలువాలు కప్పుతారు, ఫొటో దిగుతారు, మర్నాటికి ఆ ఫ్లెక్సీ ఎవరి పశువుల పాక మీదకో ఎక్కేస్తుంది. ఊరి చరిత్రలో ఒక మహిళ పేరు నిలబడాలంటే, ఏ పార్కుకో రోడ్డుకో ఆవిడ పేరు పెడుతున్నట్టు మున్సిపాలిటీ మినిట్స్ బుక్కులో, అంటే సమావేశాల నిర్ణయాలు రాసే పుస్తకంలో, తీర్మానం పడాలి. మా ఊళ్ళో ఆ పని మీద రెండేళ్ళు తిరిగాం కాబట్టి, మీరు అన్నాళ్ళు తిరగక్కర్లేకుండా చెప్తున్నాను.

ముందు ఒక్క పేరే పట్టుకోండి. పది పేర్ల లిస్టు ఇచ్చారంటే ఏ కులం వాళ్ళెందరు అన్న లెక్క మొదలవుతుంది, ఫైలు అక్కడే పడుకుంటుంది. గోదావరి జిల్లాల్లో పేర్లకి కొదవ లేదు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1923 కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు, ఇంకా చిన్నపిల్లగా ఉండగానే, టికెట్ లేదని నెహ్రూనే ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర ఆపేసింది, ఆ తర్వాత రాజ్యాంగ సభలో కూర్చుంది. ద్రాక్షారామంలో పుట్టిన దువ్వూరి సుబ్బమ్మ సహాయ నిరాకరణ రోజుల్లో జైలుకెళ్ళింది. లంకల గన్నవరంలో వేళకాని వేళ వచ్చినవాళ్ళకి కూడా అన్నం వండి పెట్టిన డొక్కా సీతమ్మ పేరు అక్కడి అక్విడక్టుకి (నది మీదుగా కాలువ నీళ్ళు పోయే వంతెనకి) ఉంది, 2024 నుంచి బడి భోజనానికీ ఉంది.

నన్నడిగితే మాత్రం వీరేశలింగం గారి భార్య కందుకూరి రాజ్యలక్ష్మమ్మ గారిది ఎప్పటినుంచో బాకీ ఉంది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం అనగానే వీరేశలింగం గారే గుర్తొస్తారు. వంటవాళ్ళు రామన్నారు, నీళ్ళు మోసేవాళ్ళు మానేశారు, మరి పెళ్ళివారికి వంట ఎవరు చేశారు? గోదావరి నుంచి బిందెతో నీళ్ళు మోసుకొచ్చి వండిపెట్టింది ఆవిడ. మీ దరఖాస్తులో ఇలాంటి ముక్క ఒకటి ఉండాలి, "సమాజానికి విశేష సేవలందించిన" లాంటి మాటలు గుమాస్తా కూడా చదవడు.

ఆధారాలు జిరాక్సులతో పెట్టండి. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో పాత పుస్తకాలు దొరుకుతాయి, ఒక పూట కూర్చుంటే సరిపోతుంది. అనుమానం ఉన్న తేదీ రాయనే రాయకండి. మేం ఆవిడ పుట్టిన సంవత్సరం ఒకచోట ఒకలా, రెండోచోట ఇంకోలా వేశాం, దాన్ని పట్టుకుని ఒకాయన ఆరు నెలలు ఫైలు ఆపేశాడు. తప్పు మాదే.

ఇక ఏం అడగాలి? విగ్రహం అడగొద్దు. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద కొత్త విగ్రహాలకి అనుమతివ్వొద్దని 2013 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ ఒక్క మాట అడ్డం పెట్టి మీ కాగితం పక్కన పడేస్తారు. ఇప్పటికే పేరున్న వీధి జోలికీ పోవద్దు, ఆధార్ కార్డులు మార్చుకోవాలంటూ వీధి వీధంతా మీ మీదకొస్తుంది. పేరు లేనివి వెతకండి: కొత్త లేఅవుట్ రోడ్డు, పార్కు, కమ్యూనిటీ హాలు, రేవు. 2027 గోదావరి పుష్కరాల పనుల్లో ఎక్కడ కొత్త ఘాటు కడుతున్నా, దానికి ఎవరో ఒకరు పేరు తగిలించకముందే వెళ్ళాలి.

దరఖాస్తు కమిషనర్ పేరున రాసి, కాపీ ఛైర్‌పర్సన్‌కో మేయర్‌కో పెట్టి, ఇన్‌వర్డ్‌లో (వచ్చిన కాగితాలు తీసుకునే చోట) ఇచ్చి మీ కాపీ మీద ముద్ర, నంబరు, తేదీ వేయించుకోండి. ముద్ర లేకపోతే మీరు ఇవ్వనట్టే. తర్వాత వార్డు కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళండి. "ఆయ్, పెట్టేద్దామండీ" అంటారు. అది మర్యాదకి అనే మాట, పని అయిపోయినట్టు కాదు. ఎజెండాలోకి ఎక్కాలంటే తీర్మానం ముసాయిదా మీరే టైపు చేయించి చేతిలో పెట్టాలి, వాళ్ళ భాషలోనే: "ఫలానా వార్డులోని ఫలానా పార్కునకు శ్రీమతి ఫలానా వారి పేరు పెట్టు విషయమై కౌన్సిల్ వారి ఆమోదము కొరకు". పాలకవర్గం లేని చోట కౌన్సిల్ బదులు స్పెషల్ ఆఫీసరు ఉంటారు కాబట్టి నేరుగా ఆయనకే ఇవ్వండి, నిజానికి అక్కడ పని తొందరగా తెమిలినా తెములుతుంది. కదలిక లేకపోతే సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌లో ఇవ్వండి. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే పది రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు వేసి ఫైలు ఎక్కడుందో అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. పోట్లాటకి దిగకుండా అడగండి, రేపు బోర్డు పెట్టాల్సింది కూడా వాళ్ళే.

తీర్మానం అయ్యాక అందరూ చల్లబడిపోతారు, మేమూ అంతే. పెయింటరు మా బోర్డు మీద ఇంటిపేరులో ఒక అక్షరం మింగేశాడు, పైగా ఆవిడ ఎవరో ఒక్క ముక్క లేదు. అందుకే బోర్డు మీద రావాల్సిన రాత పెద్దక్షరాలతో కాగితం మీద రాసి, పేరు కింద ఆవిడ చేసిన పని ఒక్క వాక్యంలో పెట్టి, పెయింటింగు రోజు అక్కడే నిలబడండి. ఎత్తు కూడా చూసుకోండి, చేతికి అందిందా, పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టేస్తారు. వీధి పేరే అయితే తీర్మానం నకలు ఒకటి వార్డు సచివాలయంలో, ఒకటి పోస్టాఫీసులో ఇచ్చి రండి, మరుసటి ఇంటిపన్ను రసీదు మీద ఆ పేరు వచ్చిందో లేదో చూసుకోండి.