పని మధ్యలో ప్రార్థనకు పదిహేను నిమిషాలు

తీరిక దొరికాక ప్రార్థన చేసుకుందామనుకుంటే ఆ తీరిక ఏ రోజూ దొరకదు. రోజూ తప్పకుండా చేసే ఒక పనికి ప్రార్థనను ముడివేయండి. చిత్తూరు పక్క పల్లెల్లో అయితే ఆవు పాలు పితికి, కేంద్రంలో పోసి, క్యాను కడిగి బోర్లించిన వెంటనే. తిరుపతిలో ఆస్పత్రి డ్యూటీ చేసేవాళ్ళు యూనిఫాం వేసుకునే ముందు. నైట్ డ్యూటీ పడితే గంటలు మారతాయి గానీ యూనిఫాం వేసుకోవడం మారదు కదా.

మొదట్లో పదిహేను నిమిషాలు చాలు. గంటతో మొదలుపెట్టినవాళ్ళు చాలామంది వారం తిరక్కుండానే ఆపేస్తారు. రెండు నిమిషాలు మోకాళ్ళ మీద మౌనంగా ఉండండి. మంచం మీద వద్దు, నిద్ర ముంచుకొస్తుంది. తర్వాత అయిదు నిమిషాలు బైబిల్ వాక్యం చదవండి. ఏం చదవాలో తోచకపోతే 119వ కీర్తన తీయండి. అందులో 176 వచనాలు, ఎనిమిదేసి చొప్పున 22 భాగాలు. తెలుగు బైబిల్లో ఆ భాగాలకు ఆలెఫ్, బేత్ అని హీబ్రూ అక్షరాల పేర్లు కూడా ఉంటాయి. రోజుకొక భాగం పైకి చదివి, మనసుకు తగిలిన వచనం దగ్గర ఆగి, దాన్నే ప్రార్థనగా మార్చండి. వాక్యం పాదాలకు దీపమని 105వ వచనంలో ఉంది. ఆ రోజు అప్పిచ్చినాయనతో మాట్లాడాల్సి ఉంటే, "ప్రభువా, అక్కడ నా నోరు జారనివ్వకు" అని అడగండి.

అచ్చు బైబిలే వాడండి. ఫోన్లో చదివితే రెండో వచనానికే వాట్సాప్ మోగుతుంది. ఫోన్ పక్క గదిలో పెట్టాలి.

మిగతా ఎనిమిది నిమిషాలు మనవులకు, అంటే ఇతరుల కోసం దేవుణ్ణి అడగడానికి. అందరి పేర్లూ ఒకే రోజు చదివితే అది హాజరు పట్టీ అవుతుంది. చిన్న నోటుబుక్కులో ఏడు పేజీలు, పేజీకి అయిదు పేర్లు రాసుకోండి. వారంలో 35 మంది కోసం నిజంగా ప్రార్థించగలరు. ఇంటివాళ్ళ కోసం మాత్రం రోజూ. జవాబు వచ్చినప్పుడు పక్కనే తేదీ వేయండి. విశ్వాసం సన్నగిల్లిన రోజున ఆ తేదీలే నిలబెడతాయి.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో సీజన్ పని ముమ్మరంగా ఉన్నప్పుడు పదిహేను నిమిషాలు కూడా గగనమే. అప్పుడు 55వ కీర్తనలో దావీదు చెప్పినట్టు సాయంత్రం, ఉదయం, మధ్యాహ్నం రెండేసి నిమిషాలు. యేసు నేర్పిన పరలోక ప్రార్థన నెమ్మదిగా చెప్పుకోవడానికి నిమిషం చాలు. బైబిల్లో రాజు కొలువులో పనిచేసిన నెహెమ్యా అయితే, రాజు అడిగిన ప్రశ్నకు జవాబిచ్చే లోపే, నిలబడ్డ చోటే ప్రార్థించాడు. చిత్తూరు బస్సులో కళ్ళు మూసుకోవచ్చు. స్కూటర్ మీద మాత్రం కళ్ళు తెరిచే, ఒక్క మాటతో.

ఒక రోజు తప్పిపోతే మర్నాడు రెండింతలు చేయకండి. బాకీలా పేరుకుంటే దేవుని దగ్గరికి రావడానికే మొహం చెల్లదు. ఆగిన భాగం నుంచే మొదలుపెట్టండి.

కుటుంబ ప్రార్థన రాత్రి భోజనానికి ముందే పెట్టుకోండి, తిన్నాక పిల్లలు తూలిపోతారు. ఒక పాట, కొన్ని వచనాలు, తర్వాత ఒక్కొక్కరూ ఒక్క మాట. బుజ్జిగాడు కుక్కపిల్ల కాలి దెబ్బ గురించి ప్రార్థిస్తే నవ్వకండి, సరిదిద్దకండి. అందరూ గట్టిగా ఆమేన్ అనండి.