మందుల షాపులో వచ్చే చిక్కులు: ఎందుకు వస్తాయి, ఏం చేయాలి

సమస్య: కొత్త మందులు మొదలయ్యాక కళ్లు తిరుగుతున్నాయి, పాదాలు వాస్తున్నాయి

మా నాన్నగారికి ఇదే జరిగింది. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉండి కొత్త చీటీతో ఇంటికొచ్చారు. ఇంట్లో పాత బీపీ గోలీలు ఇంకా రెండు షీట్లు ఉన్నాయి. అవి ఆపమని ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. పది రోజులకు పాదాలు ఉబ్బాయి, మంచం మీంచి లేస్తే తూలిపోతున్నారు. పాత షీటూ కొత్త షీటూ పక్కపక్కన పెట్టి చూస్తే బ్రాండ్ పేర్లే వేరు, లోపలి మందు ఒకటే: ఆమ్లోడిపిన్ 5 ఎంజీ. ఒకటి వేసుకోవాల్సిన చోట రోజూ రెండు పడుతున్నాయి. డాక్టర్‌కు ఫోన్ చేస్తే ఒకటి ఆపేయమన్నారు. వారంలో తేరుకున్నారు.

ఎందుకు ఇలా: ఒకే మందును ఎన్నో కంపెనీలు ఎన్నో పేర్లతో అమ్ముతాయి. డాక్టర్ మారితే పేరు మారుతుంది, ఆస్పత్రి మారినా మారుతుంది. మనం గుర్తుపెట్టుకునేది బ్రాండ్ పేరు, గోలీ రంగు. మందు అసలు పేరు మనకు తెలియదు.

ఏం చేయాలి: ఇంట్లో ఉన్న షీట్లన్నీ ఒకచోట పరిచి, ప్రతి దాని అసలు పేరు, ఎన్ని ఎంజీ, ఏ పూట, ఏ జబ్బుకు అని ఒక కాగితం మీద రాయండి. ఒకే పేరు రెండుసార్లు వచ్చిందంటే డాక్టర్‌ను అడగాలి. సొంతంగా మాత్రం ఏదీ ఆపకండి. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఆ కాగితం చూపించండి. జ్వరం గోలీలతో కూడా ఇదే ప్రమాదం ఉంది. డోలో, క్రోసిన్, కాల్పాల్ మూడూ పారాసిటమాలే. జలుబు గోలీల్లో చాలావాటిలో కూడా అది కలిసి ఉంటుంది. పెద్దవాళ్లకు అన్నీ కలిపి రోజుకు 4 గ్రాములు దాటితే కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది. బరువు తక్కువున్నా, మద్యం అలవాటున్నా ఆ హద్దు ఇంకా తక్కువ.

సమస్య: "డాక్టర్ రాసింది లేదు, ఇదీ అదే, తీసుకోండి" అంటున్నారు

నిజంగా అదే కావచ్చు, కాకపోవచ్చు. మూడు విషయాలు చూడండి. అసలు పేరు ఒకటేనా? ఎంజీ ఒకటేనా? పేరు చివర ఉన్న అక్షరాలు ఒకటేనా? ఈ మూడోది చాలామంది చూడరు. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ 500, మెట్‌ఫార్మిన్ 500 ఎస్‌ఆర్ ఒకటి కావు. ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్, ఈఆర్ అని ఉంటే ఆ మందు కడుపులో నెమ్మదిగా విడుదలవుతుంది. డాక్టర్ చెబితే తప్ప అలాంటి గోలీని విరిచి, నలిపి వేసుకోకూడదు. అలాగే పేరు చివర ఎం, హెచ్, డీ లాంటి అక్షరం ఉంటే చాలాసార్లు ఇంకో మందు కూడా కలిపారని అర్థం.

ఇంకో సంగతి. చీటీ మీదే ఇవ్వాల్సిన షెడ్యూల్ హెచ్ మందుల్లో, రాసిన దాని బదులు వేరేది షాపువాళ్లు సొంతంగా ఇవ్వకూడదని ఔషధ నిబంధనలు చెబుతున్నాయి. అందుకే అసలు పని డాక్టర్ గదిలోనే జరగాలి. "అసలు పేరు కూడా రాయండి సార్" అని అడగండి. అందులో మొహమాటం వద్దు. జనరిక్ పేరు, అంటే మందు అసలు పేరు, స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని వైద్యులకున్న నిబంధనే 2016లో చెప్పింది. చీటీ మీద అసలు పేరు ఉంటే ఏ కంపెనీది కొనాలో నిర్ణయించుకునే వీలు మీకు ఉంటుంది.

సమస్య: నెల బిల్లు భరించలేకపోతున్నాం

జనరిక్ షాపుకు వెళితే 70 శాతం తగ్గింపు అన్న బోర్డు కనిపిస్తుంది. ఆ శాతాన్ని చూసి కొనకండి. జనరిక్ పేరుతో అమ్మే కొన్ని షీట్ల మీద ఎంఆర్‌పీనే చాలా ఎక్కువగా ముద్రిస్తారు, తగ్గింపు అందులోంచే వస్తుంది. ఒక్క గోలీ ఎంత పడుతుందో లెక్కేయండి. 10 గోలీల షీటు 90 రూపాయలు, 15 గోలీల షీటు 120 రూపాయలు అయితే రెండోదే చవక.

అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవాటికి కేంద్ర సంస్థ ఎన్‌పీపీఏ గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. ఫార్మా సహీ దామ్ యాప్‌లో అసలు పేరు కొట్టి చూడొచ్చు. చవకగా జనరిక్ మందులు అమ్మే జన ఔషధి కేంద్రాలు ఎక్కడున్నాయో, అక్కడ ఏ మందు ఎంతో జన ఔషధి సుగమ్ యాప్‌లో తెలుస్తుంది. బీపీ, షుగర్ గోలీలైతే ముందు మీ పీహెచ్‌సీలో అడగండి, హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలో అడగండి. అక్కడ ఉచితంగా ఇస్తారు. "అవి పనిచేయవులే" అని అడగకుండానే వదిలేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. పైన జీఎస్టీ అంటే ఇవ్వక్కర్లేదు.

సమస్య: జనరిక్‌కు మారాక బీపీ తగ్గడం లేదు

ముందు ఎంజీ, చివరి అక్షరాలు సరిచూడండి. తర్వాత వారం పాటు ఒకే వేళకు, ఐదు నిమిషాలు కూర్చున్నాక బీపీ చూసి రాసుకోండి. ఒక్కసారి ఎక్కువ చూపించినంత మాత్రాన మందును తప్పు పట్టలేం. అంకెలు నిజంగానే ఎక్కువ ఉంటే ఆ కాగితంతో డాక్టర్‌ను కలవండి. అంకెలు మరీ ఎక్కువున్నా, ఛాతీలో నొప్పి, ఆయాసం ఉన్నా వారం ఆగకుండా వెంటనే వెళ్లాలి.

కొన్ని మందుల విషయంలో మాత్రం జాగ్రత్త ఎక్కువ కావాలి. మూర్ఛకు ఫెనిటోయిన్, థైరాయిడ్‌కు థైరాక్సిన్, రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు నెలకో కంపెనీ మార్చకూడదు. వీటిలో మోతాదు కాస్త తేడా వచ్చినా ఒంట్లో తెలుస్తుంది. మార్చాల్సి వస్తే డాక్టర్‌కు చెప్పి, అవసరమైన రక్తపరీక్ష చేయించుకోండి.

సమస్య: కత్తిరించిన షీటు మీద ఎక్స్‌పైరీ డేట్ లేదు

అది షాపులో మిగిలిన ముక్క మీద ఉండిపోయింది. డేట్, బ్యాచ్ నంబరు ఉన్న ముక్కే మీకివ్వమనండి, లేదంటే రెండూ బిల్లు మీద రాయించుకోండి.

సమస్య: ఇది నకిలీ మందేమో

ముద్రణ అలికినట్టున్నా, స్పెల్లింగ్ తప్పున్నా, గోలీ రంగు ఎప్పటిలా లేకున్నా వేసుకోవద్దు. ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద 2023 ఆగస్టు 1 నుంచి క్యూఆర్ కోడ్ లేదా బార్‌కోడ్ తప్పనిసరి. స్కాన్ చేస్తే బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ కనిపించాలి, షీటు మీద ఉన్నవాటితో కలవాలి. తేడా ఉంటే షీటు పారేయకండి. బిల్లుతో సహా జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు ఇవ్వండి. బిల్లు లేకపోతే ఆ మందు ఏ షాపులో కొన్నారో చూపించడం కష్టం, అందుకే పది రూపాయల గోలీలు కొన్నా బిల్లు తీసుకోండి. ఎంఆర్‌పీ కంటే ఎక్కువ తీసుకుంటే 1915కు ఫోన్ చేయొచ్చు. మందు వేసుకున్నాక దద్దుర్లు, ఆయాసం లాంటివి వస్తే ముందు ఆస్పత్రికి వెళ్లండి, తర్వాత 1800 180 3024కు చెప్పండి. దుష్ప్రభావాలను నమోదు చేసుకునే నంబరు అది.