పాత జీపులో అరిగిన ముందు ప్రొపెల్లర్ షాఫ్టును బాగుచేసుకోవడం

మహీంద్రా ఎంఎం 540, సీజే 340 వంటి పాత ఫోర్ వీల్ జీపుల్లో వెనక ప్రొపెల్లర్ షాఫ్టు (ఇంజిన్ శక్తిని ఇరుసుకు చేర్చే తిరిగే గొట్టం) శబ్దం చేస్తే వెంటనే షెడ్డుకు తీసుకెళతారు గాని, ముందు షాఫ్టును పట్టించుకునేవారు తక్కువ. ఫోర్ వీల్ వేయనంతవరకు దానికి పనే లేదన్న నమ్మకం అందుకు కారణం. ముందు చక్రాలకు ఫ్రీ వీల్ హబ్బులు (చక్రాన్ని ఇరుసు నుంచి విడదీసేవి) లేని బండిలో, లివర్ టూ వీల్‌లో ఉన్నప్పటికీ, చక్రాలు తిరుగుతున్నంతసేపూ ఆ షాఫ్టు కూడా తిరుగుతూనే ఉంటుంది. పాడేరు, అనంతగిరి ప్రాంతాల్లో వాగులు దాటుతూ తిరిగే జీపుల్లో బురదనీరు షాఫ్టు చివర్లలోని ప్లస్ ఆకారపు క్రాస్ కాళ్లకు తొడిగే కప్పుల్లోకి చేరి గ్రీజును పాడుచేస్తుంది. ఆ తర్వాత లోపలి సూది బేరింగులు తుప్పుపట్టి పొడి అవుతాయి. అలా పాడైన షాఫ్టుకు కొత్త క్రాస్‌లు వేసినంత మాత్రాన పని పూర్తికాదు. క్రాస్‌ను పట్టే రెండు చెవుల యోక్ రంధ్రాలు, షాఫ్టు పొడవు మారేలా ఒకదాంట్లో ఒకటి జారే పళ్ల స్ప్లైన్లు కూడా బాగుంటేనే కొత్త క్రాస్‌లు నిలుస్తాయి.

ముందుగా తప్పు షాఫ్టులోనే ఉందని తేల్చుకోవాలి. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు పిచ్చుక అరిచినట్టు కీచుమనే శబ్దం వస్తే కప్పుల్లో గ్రీజు ఎండిపోయిందని, ఫోర్ వీల్‌లో క్లచ్ వదలగానే టక్కుమంటే క్రాస్‌లో గాని స్ప్లైన్‌లో గాని ఆట (వదులు) ఉందని అనుమానించవచ్చు. కప్పుల అంచుల చుట్టూ ఎర్రటి తుప్పుపొడి కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. వేగంలో వచ్చే వణుకు విషయంలో మాత్రం తొందరపడకూడదు. ముందు షాఫ్టును పూర్తిగా విప్పి పక్కనపెట్టి టూ వీల్‌లో కొంతదూరం నడిపి చూస్తే, వణుకు పోయిందంటే దోషం ఆ షాఫ్టుదేనని, పోలేదంటే వెనక షాఫ్టుదో చక్రాలదో అని స్పష్టమవుతుంది. షాఫ్టు విప్పినప్పుడే ముందు డిఫరెన్షియల్ పినియన్ ఫ్లాంజ్‌ను (షాఫ్టు వచ్చి బిగిసే భాగాన్ని) చేత్తో పట్టుకుని పైకీ కిందకీ కదిపి చూడండి. అక్కడ ఆట ఉంటే పినియన్ బేరింగు సంగతి ముందు చూడాలి. లేకపోతే కొత్త క్రాస్ కూడా త్వరగానే పాడవుతుంది.

విప్పడానికి బండిని చదునైన నేల మీద నిలిపి, చక్రాలకు ముందూ వెనకా గట్టి దిమ్మలు పెట్టాలి. బండిని పైకెత్తవలసి వస్తే స్టాండ్లు తప్పనిసరి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కిందకు దూరవద్దు. బోల్టులు వదులు చేయకముందే షాఫ్టు యోక్ మీద, అది బిగిసే ఫ్లాంజ్ మీద, స్ప్లైన్ రెండు భాగాల మీద సెంటర్ పంచ్‌తో జత గుర్తులు కొట్టాలి. కొన్ని బండ్లకు నాలుగు బోల్టుల ఫ్లాంజ్ ఉంటుంది, కొన్నింటికి యూ-బోల్టులు ఉంటాయి. యూ-బోల్టుల రకమైతే విప్పగానే రెండు కప్పులు ఊడి సూదులు నేల మీద చెల్లాచెదురవుతాయి కాబట్టి, ముందుగానే వాటి చుట్టూ టేపు చుట్టడం మంచిది.

బల్ల మీదకు చేర్చాక షాఫ్టు గొట్టాన్ని బెంచ్ వైస్‌లో బిగించకూడదు. సొట్ట పడితే బ్యాలెన్స్ పోతుంది. యోక్‌ను మాత్రమే పట్టించాలి. కప్పులను ఊడకుండా ఆపే సర్‌క్లిప్పులు తీసి, ఒకవైపు కప్పు మీద దానికంటే కొంచెం చిన్న సాకెట్‌ను, ఎదుటివైపు కప్పు దూరేంత పెద్ద సాకెట్‌ను ఉంచి వైస్ బిగిస్తే పాత కప్పు బయటకు వస్తుంది. సుత్తితో బాది తీయడం అలవాటైనవారు చాలామంది ఉన్నారు గాని, ఆ దెబ్బలకు యోక్ చెవులు వంగితే కొత్త క్రాస్ ఎప్పటికీ సరిగ్గా తిరగదు.

ఇక పరీక్ష. పాత క్రాస్ కాళ్లను తుడిచి గోటితో అడ్డంగా గీస్తే, సూదులు నొక్కుకుపోయిన చోట్ల గోరు పట్టుకుంటుంది. అటువంటి గాడులు పడిన క్రాస్‌కు గ్రీజు కొట్టి లాభం లేదు. యోక్ రంధ్రాల్లోకి కొత్త కప్పు వైస్ బలంతోనే ఎక్కాలి. వేలితో నొక్కితే జారిపోతే ఆ యోక్ పనికిరాదు. రంధ్రం చుట్టూ పంచ్ గుర్తులు కొట్టడం, కప్పు చుట్టూ రేకు ముక్క చుట్టడం వంటివి తాత్కాలికంగా బిగువుగా కనిపించినా, కప్పు మళ్లీ కదిలి రంధ్రాన్ని ఇంకా పెద్దది చేస్తుంది. స్ప్లైన్‌ను కూడా వైస్‌లో పట్టించి అటూ ఇటూ తిప్పాలి. కంటికి కనిపించేంత ఆట ఉంటే స్లీవ్‌ను, దంతాల ముక్కను జతగానే మార్చాలి. ఒక్కటే మార్చితే అరిగినది కొత్తదాన్ని కూడా అరగదీస్తుంది.

జత మార్చడం లేత్ పని. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ఇది చేసేవారు ఉన్నారు. పాత వెల్డింగును గ్రైండర్‌తో కంటి అంచనాగా కాకుండా లేత్ మీదే కోయించండి. కొత్త ముక్కను నాలుగు ఎదురెదురు చోట్ల చుక్క వెల్డింగుతో ట్యాక్ చేసి, డయల్ గేజ్‌తో ఊగిసలాట చూసి, అది అర మిల్లీమీటరు లోపే ఉందనుకున్నాకే పూర్తి వెల్డింగు, ఆపైన బ్యాలెన్సింగు చేయించాలి. పొడవు విషయంలో ఒక జాగ్రత్త ఉంది: స్ప్రింగులకు అదనపు పట్టీలు వేసి ఎత్తు పెంచిన బండికి పాత కొలత సరిపోకపోవచ్చు. అందువల్ల బండి తన బరువు మీద నిలబడినప్పుడు ఫ్లాంజ్ నుంచి ఫ్లాంజ్ వరకు దూరం కొలిచి, స్ప్లైన్ లోపలికీ బయటకూ రెండు వైపులా కదిలే వీలు ఉండేలా చూసుకోవాలి.

కొత్త క్రాస్ కొనేటప్పుడు పాతదాన్ని వెంట తీసుకెళ్లి, కప్పు వ్యాసాన్నీ ఎదురెదురు కప్పుల మధ్య మొత్తం కొలతనూ వెర్నియర్‌తో సరిచూడండి. బిగించే ముందు ప్రతి కప్పులోనూ సూదులన్నీ గోడకు నిలువుగా అంటుకుని ఉన్నాయో లేదో వెలుతురులో చూడాలి. ఒక్క సూది అడుగున అడ్డంగా పడినా కప్పు చివరివరకు దిగదు, సర్‌క్లిప్ గాడి తెరుచుకోదు. అలాంటప్పుడు ఇంకా బలంగా నొక్కకుండా, కప్పు బయటకు తీసి సూదిని నిలబెట్టి మళ్లీ ప్రయత్నించాలి. గ్రీజు నిప్పిల్ షాఫ్టు వైపుకు తిరిగి ఉంటే గన్ అందుతుంది. సర్‌క్లిప్పులు గాడిలో కూర్చున్నాక యోక్ చెవులను రాగి సుత్తితో మెల్లగా తడితే కప్పులు క్లిప్పులకు ఆని క్రాస్ స్వేచ్ఛగా కదులుతుంది. కొత్త క్రాస్ కొంచెం బిగువుగా ఉండవచ్చు గాని, ఎక్కడా పట్టినట్టు ఆగకూడదు.

స్ప్లైన్‌ను కలిపేటప్పుడు పంచ్ గుర్తులు ఎందుకు కొట్టామో తెలుస్తుంది. కోణంలో తిరిగే క్రాస్ జాయింట్ వేగాన్ని సమంగా అందించదు: 20 డిగ్రీల కోణంలో ఒకవైపు నిమిషానికి 1000 చుట్లు తిరుగుతుంటే, రెండోవైపు వేగం ప్రతి చుట్టులో రెండుసార్లు సుమారు 940, 1064ల మధ్య ఊగుతుంది. షాఫ్టు రెండు చివర్లలోని యోక్‌లు ఒకే తలంలో ఉండి, రెండు జాయింట్ల కోణాలు సమానంగా ఉంటేనే ఒకదాని ఊపును రెండోది రద్దు చేస్తుంది. షాఫ్టును చదునైన బల్ల మీద పెట్టి ఒక చివర యోక్ చెవులను బల్లకు సమాంతరంగా ఉంచితే, రెండో చివరివి కూడా సమాంతరంగానే ఉండాలి. ఒక్క పన్ను తప్పినా కొత్త సామాను అంతా వణుకుతూనే ఉంటుంది.

గ్రీజుకు 2వ గ్రేడు లిథియం ఈపీ (అధిక ఒత్తిడిని తట్టుకునే) రకం సరిపోతుంది. క్రాస్ నాలుగు సీళ్ల దగ్గరా కొత్త గ్రీజు బయటకు కనిపించేవరకు గన్‌తో కొట్టాలి. ఏదైనా ఒక సీలు దగ్గర రాకపోతే ఆ కాలికి గ్రీజు చేరలేదని అర్థం. స్ప్లైన్‌కు అంత అక్కర్లేదు. అక్కడ గ్రీజు నిండిపోతే షాఫ్టు కుదించుకోవడానికి చోటు లేక చివరి మూత ఊడుతుంది.

షాఫ్టును గుర్తుల ప్రకారం ఎక్కించి బోల్టులను ఎదురెదురుగా, మీ మోడల్ మాన్యువల్ చెప్పిన బిగువుతో బిగించండి. యూ-బోల్టులను అతిగా బిగిస్తే కప్పులు నొక్కుకుపోయి క్రాస్ పట్టేస్తుంది. మొదట టూ వీల్‌లో, ఆ తర్వాత మట్టిదారి మీద ఫోర్ వీల్ వేసి నడిపి చూడాలి. పొడి తారు మీద ఈ బండ్లను ఫోర్ వీల్‌లో నడపకూడదు. కొన్ని రోజులు నడిచాక బోల్టులను మరోసారి బిగించి చూడండి. ఆపై 5000 కిలోమీటర్లకు ఒకసారి గ్రీజు కొట్టాలి, వాగు దాటిన బండికైతే ఆ రోజే.