రెండు గ్యాస్ బండల మీద టిఫిన్ వ్యాన్ నడిపేవాళ్లకి

పొద్దున్న ఆరున్నరకి పెనం మీద పెసరట్టు సగం కాలగానే మంట తుస్సుమంటుంది. ఎదురుగా పార్సిళ్ల కోసం జనం. పాలకొల్లులో మా వ్యాన్‌కి ఇదే గోల ఉండేదండి. చివరికి రెండు 19 కిలోల బండలకి కలిపి ఆటోమేటిక్ చేంజోవర్ వాల్వ్, అంటే ఒక బండ అయిపోగానే దానంతటదే రెండోదానికి మారే వాల్వ్, పెట్టించాం.

కొనేటప్పుడు ధర కన్నా ముందు, అది గంటకి ఎన్ని కిలోల గ్యాస్ ఇస్తుందో చూడండి. మీ పొయ్యిలన్నీ ఒకేసారి పెద్దమంట మీద లాగేదానికన్నా ఎక్కువుండాలి.

వాల్వ్ పిడి మీది బాణం ఒక బండ వైపు తిప్పి, రెండు బండలూ తెరిచి ఉంచాలి. మేం మొదటిరోజు రెండోది మూసేసి, మారట్లేదేంటని తలబాదుకున్నాం. మొదటిది అయిపోతే దానంతటదే రెండోదాన్నుంచి తీసుకుని, వాల్వ్ మీది చిన్న గాజుకన్ను ఎర్రగా మారుతుంది. మంట ఆగదు కాబట్టి ఎవరూ చూడరు, రెండోదీ అయిపోతుంది! అందుకే రోజూ ఇడ్లీ పాత్ర ఎక్కించే ముందు ఆ కన్ను చూస్తాం. ఎర్రగా ఉంటే పిడి నిండు బండ వైపు తిప్పి, ఖాళీది మూసి మారుస్తాం. పొయ్యిలు ఆర్పక్కర్లేదంటారు గానీ, నాకంత ధైర్యం లేదు, ఆర్పాకే విప్పుతాను. బిగించాక సబ్బునీళ్లు రాసి బుడగలు చూడాలి.

ఒక్క జాగ్రత్త. డిసెంబరు మంచులో పెద్ద బర్నర్ ఎక్కువసేపు లాగితే బండకి చెమటపట్టి చల్లబడి, గ్యాస్ ఉండగానే ఎరుపు చూపిస్తుంది. అనుమానమొస్తే తూకం వేయండి. బండ మీద ముద్రించిన ఖాళీ బరువు తీసేస్తే మిగిలింది గ్యాసే.