బిడ్డ పుట్టిన మొదటి ఏడాది: బ్రిటన్‌కు కొత్తగా వచ్చిన మన తిరుపతి, చిత్తూరు వాళ్ళకు

పోయిన నెల చంద్రగిరి అబ్బాయి ఒకతను ఫోన్ చేశాడు. "అన్నా, పాపకు తొమ్మిదో నెల. పదకొండో నెలలో తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయాలని అమ్మ పట్టుబడుతోంది. ఏడాది దాటితే బిడ్డతో సుపథంలో, అదే త్వరగా దర్శనానికి పంపే దారిలో, పంపరంట. టికెట్లు కూడా తీసేశాం" అన్నాడు. పాప పాస్‌పోర్ట్ ఏదిరా అని అడిగాను. "ఇక్కడే పుట్టింది కదన్నా, బ్రిటిష్ పాస్‌పోర్ట్‌కు అప్లై చేస్తే వచ్చేస్తుంది" అన్నాడు.

2016లో మా వాడు పుట్టినప్పుడు నేనూ అచ్చం అలాగే అనుకున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఇక్కడ పుట్టినంత మాత్రాన ఇక్కడి పౌరసత్వం రాదు. 1983 జనవరి 1 నుంచి ఇదే చట్టం. బిడ్డ పుట్టే నాటికి తల్లిదండ్రుల్లో ఒక్కరైనా బ్రిటిష్ పౌరులై ఉండాలి, లేదంటే శాశ్వత నివాసం, అంటే ఐఎల్ఆర్, వచ్చి ఉండాలి. వర్క్ వీసా మీదో స్టూడెంట్ వీసా మీదో ఉన్నవాళ్ళ బిడ్డ బ్రిటిష్ కాదు. అమెరికాలో ఉన్న మీ బావమరిది చెప్పింది ఇక్కడికి పట్టుకురాకండి. ఏ దేశం చట్టం ఆ దేశానిదే.

మరి బిడ్డ భారత పౌరురాలు కదా అంటారు. అదీ దానంతట అది రాదు! మన పౌరసత్వ చట్టం 1955 నాటిది. 2004 డిసెంబరు 3 తర్వాత విదేశంలో పుట్టిన బిడ్డకు వంశం వల్ల పౌరసత్వం రావాలంటే, ఏడాదిలోగా భారత కాన్సులేట్‌లో జననం నమోదు చేయించాలి. బిడ్డకు వేరే దేశం పాస్‌పోర్ట్ లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి. ఈ ఏడాది మాటే నేను ఎన్నిసార్లయినా చెబుతాను. సుపథం ఏడాది అవ్వకు గుర్తుంటుంది. ఈ ఏడాది మీకు గుర్తుండాలి.

నా విషయంలో ఏం జరిగిందో చెబుతాను. ఒక కన్సల్టెన్సీ మాట నమ్మి బ్రిటిష్ పాస్‌పోర్ట్‌కు డబ్బు కట్టాను. అర్హత లేదని ఉత్తరం వచ్చింది, డబ్బు తిరిగి రాలేదు. అప్పటికి వాడికి ఎనిమిదో నెల. సరేనని భారత కాన్సులేట్‌కు కాగితాలు పెడితే పేర్ల దగ్గర ఆగిపోయింది. మన చిత్తూరు వైపు పేర్ల సంగతి తెలిసిందే కదా. నా పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీ, మొత్తం పేరు ఒకే గడిలో ఉంది. మా ఆవిడ పాస్‌పోర్ట్‌లో పుట్టింటి ఇంటిపేరు. ఇక్కడి జనన ధ్రువపత్రంలో నేను హడావిడిగా రాయించింది మూడో రకం. తిరగగొట్టారు. సరిచేయించేసరికి ఏడాది దాటింది. ఆ నడుమ మా నాన్నకు ఆపరేషన్ అయింది. బిడ్డకు పాస్‌పోర్ట్ లేక తల్లీబిడ్డలను ఇక్కడే వదిలి నేనొక్కణ్ణే తిరుపతికి వెళ్ళాను. మనవణ్ణి ఆయనకు ఫోన్‌లో చూపించాను.

కాబట్టి ఆసుపత్రి నుంచి ఇంటికి రాగానే మీ ఇద్దరి పాస్‌పోర్ట్‌లు బల్ల మీద పెట్టుకుని, ఒక్కో అక్షరం చూసి బిడ్డ పేరు, ఇంటిపేరు తేల్చుకోండి. జ్యోతిష్యుడు చెప్పే అక్షరం కోసం ఎదురు చూస్తే చూడండి, కానీ ఇంగ్లండ్‌లో 42 రోజుల్లో, స్కాట్లండ్‌లో 21 రోజుల్లో జననం నమోదు కావాలి. ధ్రువపత్రం పెద్దదే అడగండి. చిన్నదానిలో తల్లిదండ్రుల పేర్లు ఉండవు, అది ఈ పనికి చాలదు.

భారత పాస్‌పోర్ట్ వచ్చింది కదా అని వెంటనే విమానం ఎక్కకండి. వీసా లేకపోయినా ఇక్కడే పుట్టిన పసిబిడ్డ ఇక్కడ ఉండటం తప్పు కాదు. కానీ ఊరికి వెళ్ళి తిరిగి రావాలంటే డిపెండెంట్ వీసా ఉండాల్సిందే. ఇక్కడి నుంచి అప్లై చేసి, నిర్ణయం రాకముందే దేశం దాటితే ఆ దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టే లెక్క. తెలిసిన ఒక అమ్మాయి బిడ్డతో వెళ్ళి, మళ్ళీ వీసా వచ్చేదాకా తిరుపతిలోనే ఉండిపోవాల్సి వచ్చింది.

ఇంకొకటి. ఇద్దరికీ ఉద్యోగాలు కదా అని బిడ్డను రెండేళ్ళు అవ్వ దగ్గర వదిలేస్తారు. ఇక్కడ పుట్టి, మొదటి పదేళ్ళు ఇక్కడే పెరిగిన బిడ్డకు బ్రిటిష్ పౌరసత్వానికి నమోదయ్యే హక్కు ఉంది, మీ వీసా ఏదైనా సరే. ఆ పదేళ్ళలో ఏ ఏడాదీ 90 రోజులకు మించి బయట ఉండకూడదు. అవ్వ దగ్గర వదలడం తప్పని నేను అనను. ఏం పోతుందో తెలుసుకుని వదలండి.

బిడ్డ పుట్టాక మీకు ఐఎల్ఆర్ వస్తే, పదేళ్ళు ఆగక్కర్లేదు. పద్దెనిమిది నిండకముందే ఎంఎన్1 ఫారంతో నమోదు చేయించవచ్చు. బ్రిటిష్ పాస్‌పోర్ట్ తీసుకుంటే మన పాస్‌పోర్ట్ సరెండర్ చేయాలి, ఆ తర్వాత ఓసీఐ కార్డు తీసుకోవచ్చు. రెండు పాస్‌పోర్ట్‌లు దాచుకుందాం అనుకోకండి, మన చట్టం ఒప్పుకోదు. ఓసీఐ అంటే జీవితాంతం చెల్లే వీసా, అంతే. ఓటు ఉండదు. 2021 మార్చి నోటిఫికేషన్ తర్వాత కార్డు తీసుకున్న పిల్లలకు నీట్, జేఈఈలో ఎన్నారై సీట్లు, లేదంటే మామూలు సీట్లకు అదనంగా పెట్టే సూపర్‌న్యూమరరీ సీట్లే. తాత మామిడితోట పోతుందని ఇంట్లో టెన్షన్ పడుతుంటారు. ఓసీఐ మీద సాగుభూమి కొనకూడదు గానీ, వారసత్వంగా వస్తే తీసుకోవచ్చు. తోట ఎక్కడికీ పోదు.

ఇంత భయపెట్టాను కాబట్టి ఇదీ చెప్పాలి. ఏడాది దాటినా దారి మూసుకుపోలేదు. ఆలస్యానికి కారణం రాసి, కేంద్ర ప్రభుత్వ అనుమతితో నమోదు చేయించుకోవచ్చు. మా వాడికి అలాగే అయింది. టైం పట్టింది, కానీ అయింది. పుట్టువెంట్రుకలు మూడో ఏట తీయించాం. సుపథం దొరకలేదు. క్యూలో నిలబడ్డాం, వాడు మా నాన్న భుజం మీద నిద్రపోయాడు.

చంద్రగిరి అబ్బాయి టికెట్లు తర్వాతి తేదీకి మార్చుకున్నాడు. పాప జనన ధ్రువపత్రం నిన్న రాత్రి నాకు పంపించాడు. ఇద్దరి పాస్‌పోర్ట్‌లతో పెట్టి ఒక్కో అక్షరం చూశాను. సరిపోయింది.